లేని స్టేషన్ నుంచి బండి

కారేపల్లి స్టేషన్ వెనక వీధిలో సంసోనుకు రేడియో రిపేరు షాపు ఉండేది. పగలంతా రేడియోలు విప్పి బిగించడం, పొద్దు వాలగానే చెక్క తలుపులు మూసి, సైకిలెక్కి వెంకటప్పయ్య ఇంటికి పోవడం. పేకాటకు పోతున్నాడని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ ఇద్దరూ ఆడేది రైలాట.

వెంకటప్పయ్య వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్లు. పొగాకు రైతులు. డోర్నకల్లులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దేశం విడిచిపోతూ ఇంటి సామానంతా అమ్మేస్తున్నాడని తెలిసి కుర్చీలు కొందామని వెళ్లాడాయన. కుర్చీలు మర్చిపోయి, అరచేతిలో పట్టేంత నల్ల ఇంజను, కొన్ని పెట్టెలు, ఒక కట్ట పట్టాలు కొనుక్కొచ్చాడు. ఆ ఇంజను నడవకపోతే సంసోను దగ్గరకు తెచ్చాడు. స్నేహం అక్కడ మొదలైంది.

ధాన్యం పోసుకునే రెండు గదులు ఖాళీ చేయించి, బల్లల మీద ప్లైవుడ్ పరిచి, ఏళ్ల తరబడి ఒక లైను కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ సంసోను చుట్టాడు. ఎండిన బీరకాయ పీచును పచ్చరంగులో ముంచి అడవి పెంచారు. ఇల్లెందు బొగ్గు దంచి వ్యాగన్లు నింపారు. మందుల డబ్బాల అట్టలు కోసి రైల్వే క్వార్టర్లు నిలబెట్టారు. ఇవతలి గదిలో కారేపల్లి. గోడకు కొట్టిన కన్నమే సొరంగం. అవతలి గదిలో, గోదావరి ఒడ్డున, భద్రాచలం స్టేషన్.

నిజానికి భద్రాచలానికి రైలు లేదు. ఉన్న లైను కొత్తగూడెం దగ్గరే ఆగిపోతుంది. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్డు అని పేరైతే పెట్టారు గానీ, అక్కడ దిగి బస్సెక్కి అడవిలోంచి పోవాల్సిందే. "సర్కారోళ్లు వెయ్యకపోతే మనమే వేద్దాం" అని నవ్వేవాడు వెంకటప్పయ్య. ఆ లేని స్టేషన్‌కు ఆయనే మాస్టరు. కారేపల్లికి సంసోను.

ఒకరికొకరు కనపడరు కాబట్టి రెండు గదులకూ బ్యాటరీ గంటలు బిగించుకున్నారు. ఇక్కడ మీట నొక్కితే అక్కడ మోగుతుంది, అక్కడ నొక్కితే ఇక్కడ. ఒక గంట కొడితే, ఉన్నావా అని. రెండు కొడితే, బండి పంపనా అని. అవతలివాడు అదే తిరిగి కొడితే సరేనన్నట్టు, లైన్ క్లియర్ ఇచ్చినట్టు. మూడు గంటలు కొడితే బండి చేరినట్టు. అంతకుమించి వాళ్ల మధ్య మాటలుండేవి కావు. సంసోను అప్పయ్యన్న అని పిలిచే వెంకటప్పయ్యకు తొందరెక్కువ. మొదటి గంట ఇంకా మోగుతుండగానే రెండోది దాని మీద పడేది.

ఎనభై ఆరులో గోదావరి పొంగి వచ్చింది. బూర్గంపాడు దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఉన్న సామాను తెచ్చుకుంటానని పోయిన వెంకటప్పయ్య తిరిగి రాలేదు. నీళ్లు తీశాక బ్యారన్ గోడలు కనిపించాయి. మనిషి కనిపించలేదు. కొన్నాళ్లు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చారు.

ఆయన భార్య భారతమ్మ అప్పుడు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. అవతలి గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. సంసోనూ ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట ఏదో మొద్దుబారిపోయింది. సాయంత్రం కాగానే కాళ్లు సైకిల్ మీదికి పోయేవి, సైకిల్ ఆ ఇంటికి పోయేది. భారతమ్మ టీ గ్లాసు గుమ్మంలో పెట్టి వెళ్లేది. అతను కారేపల్లి నుంచి గోడ దాకా బండి నడిపేవాడు, గోడ దగ్గర ఆపేవాడు, వెనక్కి తెచ్చేవాడు. మళ్లీ గోడ దాకా.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక ముసురు సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, ఏమీ అనుకోకుండానే అతని వేలు మీట మీద పడింది. అలవాటు. గోడ అవతల తాళం వేసిన గదిలో గంట మోగడం వినపడింది.

కాసేపటికి, అతని పక్కన ఉన్న గంట మోగింది. ఒక్కసారి.

సంసోను దానివైపు చూశాడు. తడికి వైర్లు కలిసుంటాయి అనుకున్నాడు. రెండు గంటలు కొట్టాడు. రెండు గంటలు తిరిగొచ్చాయి... నెమ్మదిగా, ఎడంగా, ఒకదాని పక్కన ఒకటి పెట్టినట్టు.

అవతలి గది పట్టాలకు కరెంటు ఇచ్చే మర ఆ గదిలోనే ఉంది. దాన్ని ఎవరూ తిప్పకపోతే, సొరంగం దాటగానే బండి ఆగిపోవాలి. అతను బండి పంపాడు. అది కన్నంలోకి దూరింది. చక్రాల చప్పుడు దూరమైంది గానీ ఆగలేదు. చాలాసేపటికి మూడు గంటలు మోగాయి.

తర్వాత బండి తిరిగొచ్చింది. ఇంజను ముందే ఉంది. ముందుండి పోయిన ఇంజను ముందుండే రావాలంటే, ఎవరో దాన్ని విప్పి, రెండో లైను మీదుగా తిప్పి, ఇటువైపు తగిలించాలి. అది చేతితో చేసే పని.

భయపడాలి గదా అనుకున్నాడు సంసోను. భయం రాలేదు. దీపం ఆర్పి ఇంటికి పోయాడు. భార్య మరియ అన్నం పెట్టింది. తిన్నాడు. పడుకున్నాడు. మర్నాడు మళ్లీ వచ్చి ఒక గంట కొట్టాడు.

అలా రోజూ జరిగింది. ఎవరికీ చెప్పలేదు. పోయిన బండి వచ్చేది. ఖాళీగా పోయిన వ్యాగన్లు తడిసి వచ్చేవి. వాటిలో మెత్తటి బూడిదరంగు ఒండ్రు ఉండేది. గదిలో నాని కుళ్లిన గడ్డి వాసన, చేపల వాసన. అతను ఆ ఒండ్రును కిటికీలోంచి బయట పోసి, వ్యాగన్లు తుడిచి, ఇంటికి పోయేవాడు.

ఒక సాయంత్రం భారతమ్మ టీ గ్లాసు పెట్టి వెళ్లిపోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"సంసోనూ, కిటికీ కింద ఆ ఒండ్రు ఎక్కడిది?"

అతను తలెత్తలేదు. "బండ్ల వస్తున్నది, వదినమ్మా."

"ఏ బండిలో?"

అతను బొమ్మ రైలు వైపు చూపించాడు. ఆమె లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. అతను ఒక గంట కొట్టాడు. జవాబొచ్చింది. రెండు కొట్టాడు. జవాబొచ్చింది. బండి పోయింది. మూడు గంటలు మోగాయి. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. బొడ్లోంచి చెవి తీసి, లేచి, వసారాలోంచి వెళ్లి అవతలి గది తాళం తీసింది. సంసోను లాంతరు పట్టుకుని వెనకే నడిచాడు.

గదిలో ఎవరూ లేరు. నేల మీద ఏడాది దుమ్ము, దాని మీద వాళ్లిద్దరి అడుగులే. మర మీద, మీట మీద సాలెగూడు చెక్కుచెదరలేదు. బండి మాత్రం ప్లాట్‌ఫారం దగ్గర ఆగి ఉంది. ఇంజను అప్పటికే ఇటు తిరిగి ఉంది. అంత దుమ్ములో పట్టాలు మాత్రం మెరుస్తున్నాయి, రోజూ వందసార్లు బండ్లు పోయే పట్టాల్లాగా.

ఆమె తలుపు వేసి మళ్లీ తాళం పెట్టింది. ఇవతలికొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఆయనేనా అని అడుగు."

"గట్ల అడుగరాదు వదినమ్మా. దీంట్ల మూడే మాటలు."

"అయితే ఉన్నావా అని అడుగు."

అతను ఒక గంట కొట్టాడు. ఒక గంట వచ్చింది. ఆమె తల ఆడించింది. ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేది. ఆమె కోసం అతను ఆ ఒక్క గంట మళ్లీ మళ్లీ కొట్టేవాడు. ఉన్నావా. ఉన్నాను. ఉన్నావా. ఉన్నాను.

ఆ వానాకాలం చివర్లో మధిర నుంచి ఆమె తమ్ముడు చెంచురామయ్య కబురు పంపాడు. ట్రాక్టరు తెస్తున్నాను, ఇల్లు కిరాయికి ఇచ్చేద్దాం, నువ్వొచ్చి మా దగ్గర ఉండు అని. బల్లలు సంసోను తన షాపు వెనక షెడ్డులోకి మార్పించుకోవాలని అనుకున్నారు. తమ్ముడు వచ్చేది తెల్లారే.

ముందురోజు సాయంత్రం సంసోను బండ్లన్నీ ఇవతలికి రప్పించాడు. ఇంజను, పెట్టెలు, వ్యాగన్లు, అన్నీ కారేపల్లి యార్డులో వరసగా నిలబెట్టాడు. అవతల పట్టాల మీద ఇక చక్రం అన్నది లేదు. అట్టపెట్టెల్లో సర్దబోతున్నాడు.

గంట మోగింది. రెండుసార్లు.

ఇన్నాళ్లూ అటునుంచి జవాబే వచ్చేది. అడగడం ఇదే మొదలు.

"ఏమంటున్నారు?" అంది భారతమ్మ.

"బండి పంపనా అని అడుగుతున్నరు."

"ఏ బండి?"

సంసోను యార్డు వైపు చూశాడు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. "అటు ఏ బండీ లేదు."

గంట మళ్లీ మోగింది. రెండుసార్లు. అదే నిదానం. ఆమె చేయి మీట వైపు పోయింది. అతను మీట మీద అరచెయ్యి కప్పాడు.

"లైను ఇయ్యకు వదినమ్మా. అది అప్పయ్యన్న చెయ్యి కాదు."

"నీకెట్లా తెలుసు?"

"ఆయన గిట్ల ఆగి ఆగి కొట్టడు. ఏనాడూ కొట్టలే."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజే తెల్సు."

"మరి రోజూ ఎందుకు కొట్టావు?"

"ఎవరో ఒకరు పలికిండ్రు గదా."

ఆమె అతన్ని తప్పుపట్టలేదు. చాలాసేపు గోడకున్న కన్నం వైపు చూసింది. వాన తగ్గి చూరు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"ఏడాదయింది సంసోనూ. ఈ గుమ్మం తొక్కి నువ్వు తప్ప ఎవరూ రాలేదు," అంది. "ఎవరైతే ఏమిటి?"

అతని చేతిని పక్కకు జరిపి, మీట నొక్కింది. ఒకటి... రెండు.

కరెంటు పోయింది.

చీకట్లో మొదట వాసన వచ్చింది. పోయిన ఏడాది బూర్గంపాడులో, నీళ్లు తీశాక, బ్యారన్ గోడల మధ్య అప్పయ్యన్నను వెతుకుతూ అతను పీల్చిన వాసన. తర్వాత పట్టాలు సన్నగా పాడాయి. ఎక్కడో దూరంగా... ఆ గది కంటే దూరంగా... చక్రాలు. చిన్న రైలు చప్పుడు అతనికి తెలుసు, కుట్టుమిషను నడిచినట్టు ఉంటుంది. ఇది అది కాదు. ఇది నెమ్మదిగా, బరువుగా, ఒక్కో అతుకు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ వస్తోంది.

కన్నం దాటింది. ప్లైవుడ్ కిర్రుమంది. మోకాలి దగ్గర బల్ల కాలు వణికింది. గాలి చల్లగా అతని ముఖం పక్కనుంచి పోయింది. యార్డులో నిలబెట్టిన వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి, కిందపడ్డాయి... ఒకటి... ఇంకొకటి...

ఆగింది.

"వచ్చిందా?" గుసగుసగా అడిగింది భారతమ్మ.

"అవ్."

"చెప్పాలి కదా మరి."

బండి చేరితే చెప్పాలి. అది పద్ధతి. అతని వేలు చీకట్లో మీటను వెతుక్కుని మూడుసార్లు నొక్కింది. తనే నొక్కాడా అంటే చెప్పలేడు.

వెంటనే గంట మోగింది. రెండుసార్లు.

ఇంకో బండి.

సంసోను బ్యాటరీ వైర్లు పట్టుకుని లాగేశాడు. గంట ఆగిపోయింది. ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. కరెంటు వచ్చేసరికి ప్లాట్‌ఫారం దగ్గర ఏమీ లేదు. పట్టాలు ఖాళీ. వ్యాగన్లు మాత్రం నేల మీద పడి ఉన్నాయి. అతను ఒక్కొక్కటీ ఏరి పెట్టెలో పెట్టాడు. ఆమె టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

తెల్లారి ఎండ బాగా కాసింది. చెంచురామయ్య ట్రాక్టరు తెచ్చాడు. దూలయ్య, ఇంకో ఇద్దరు కూలీలు మంచాలు, బీరువా, బియ్యం డబ్బాలు ఎక్కించారు. బల్లల మీది ప్లైవుడ్ ముక్కలను విప్పి బయట పెట్టారు. అడవి ముక్క, సొరంగం ముక్క, అన్నీ తేలిగ్గానే లేచాయి. చివరికి కారేపల్లి ప్లాట్‌ఫారం ముక్క మిగిలింది. సంసోను దాన్ని ఎన్నోసార్లు ఒక్కడే ఎత్తి పక్కన పెట్టిన ముక్క.

దూలయ్య ఒక అంచు పట్టి ఎత్తాడు. లేవలేదు. "మేకులు కొట్టిండ్రా సార్?"

"లేదు."

ముగ్గురూ కలిసి పట్టారు. మెడ నరాలు తేలాయి. ప్లైవుడ్ మధ్యలో వంగి, మెల్లగా పైకి లేచింది. పైన అట్ట స్టేషను, అగ్గిపుల్లల కంచె, పీచు చెట్లు రెండు తప్ప ఏమీ లేవు. ఆ బరువుతో వాళ్లు ఒక్కో అడుగు వేస్తూ గది దాటి, వసారా దాటి, వాకిలి మధ్యకు తెచ్చారు.

అక్కడ ఉన్నట్టుండి ముక్క గాలిలోకి లేచింది. ముందున్న ఇద్దరూ తూలి పడబోయారు. దూలయ్య ఒంటి చేత్తో దాన్ని పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు. అతని చెంపల మీద చెమట కారుతోంది.

"ఏందిరా?" అన్నాడు చెంచురామయ్య ట్రాక్టరు మీంచి.

"దిగిండ్రు సార్," అన్నాడు దూలయ్య నెమ్మదిగా. "ఎవరో దిగిండ్రు."

సంసోను వెనక్కి తిరిగి చూశాడు. భారతమ్మ ఇంటి గుమ్మంలో ఉంది. కొంగు భుజం మీదికి లాక్కుని, ద్వారబంధానికి ఒత్తుకుని, పక్కకు జరిగి నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడింది, ఒకరొకరుగా లోపలికి వస్తున్నవాళ్లకు దారి ఇస్తున్నట్టు.

"తమ్ముడూ, సామాను దింపించు," అంది, అతనివైపు చూడకుండానే. "నేను ఇప్పుడు రాలేను."

ఆమె తలుపు రెక్క మీద చెయ్యి వేసి, ఖాళీగా ఉన్న వాకిలి వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగింది.

"తలుపు వేసెయ్యనా? ఇంకా ఎవరైనా ఉన్నారా?"

కాసేపు వింది. తల ఆడించింది. తలుపు తెరిచే ఉంచి లోపలికి వెళ్లింది.