వాన కోసం నిలబడ్డ లుంగీ

“ఎవరయ్యా ఈ మిల్లు ఓనరు?”

నరసరావుపేటలో రెండు మగ్గాల పాకకి, పాక కంటే పొడుగైన బోర్డు కట్టి ‘జహంగీర్ మిల్స్’ అని రాయించుకున్న జహంగీర్ ఆ మాటకి పొంగిపోయాడు. ఓనరు అన్న మొదటి మనిషి మరి! మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

ఎదురుగా షకీలా. బట్టల కొట్టు మజీద్ గారమ్మాయి. చేతిలో తడి లుంగీ, కళ్లలో మిరప్పొడి.

“మా అబ్బాజాన్ ఇది కట్టుకుని నాదెండ్ల పెళ్లికి పోయాడు. దారిలో వాన. మోకాళ్ల దాకా ఊదారంగు! పెళ్లికొడుకుని ఒదిలేసి అందరూ ఆయన కాళ్లే చూశారంట.”

“యుద్ధం కదండీ, జర్మనీ రంగు రావట్లేదు...”

“మరి ఇదేం రంగు?”

“నేరేడుపళ్లు.”

“అదా సంగతి! ఇంటిదాకా చీమలెందుకు బారు కట్టాయా అనుకున్నా.”

ఆమె పకపకా నవ్వింది. మనవాడి గుండె అక్కడే జారింది.

వారం తిరక్కుండా కొట్టుకెళ్లి పిల్లనడిగాడు. మజీద్ మండిపడ్డాడు. “ఊరంతా నన్ను నేరేడు సాహెబ్ అంటన్నారు. పిల్లనిచ్చి నిన్ను కూడా ఉతికి చూసుకోమంటావా?”

పరదా వెనక నుంచి షకీలా అంది: “అబ్బాజాన్, వానలో మన కొట్టు ముందు తన లుంగీ కట్టుకుని నిలబడమను. రంగు దిగకపోతే ఒప్పుకో.”

“సరే. మాచర్ల నించి దీనికో సంబంధం వస్తంది. అది ఖాయమయ్యేలోపు నిలబడాల.”

జహంగీర్ గుంటూరు పోయి రంగుపని నేర్చుకొచ్చాడు. నేసిన లుంగీని బండ అరిగేదాకా ఉతికాడు. రంగు కదల్లేదు. ఇక వానే తరువాయి.

పల్నాడులో వానా? బొల్లాపల్లి వైపు మబ్బు కనపడగానే కొత్త లుంగీతో కొట్టు ముందుకు ఉరికేవాడు. మబ్బు అతన్ని చూసి కృష్ణ దాటి పారిపోయేది. రైతులు బతిమాలారు: “ఒరేయ్, నువ్వు ఇంట్లో కూచోరా. నీ దెబ్బకే వానలు పోతన్నాయి.”

మాచర్ల వాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. నిప్పులు చెరిగే ఎండలో కొట్టు ముందు నిలబడ్డాడు జహంగీర్.

“ఏందిరా, వానలో అంటే ఎండలో నిలబడ్డావు?” అన్నాడు మజీద్.

అంతలో మిద్దె మీంచి బిందెడు నీళ్లు దభాలున పడ్డాయి. పైన షకీలా!

“పల్నాడు వాన కోసం కూచుంటే ముసలోళ్లమైపోతాం!” అంటూ రెండో బిందె వంచింది. “ఇది తుఫాను!”

బజారంతా అతని కాళ్ల చుట్టూ మూగింది. మజీద్ వంగి తెల్ల తువ్వాలుతో అతని పిక్కలు రుద్ది, తువ్వాలు ఎండలో పట్టి చూశాడు. మరక లేదు. కొట్టు మనిషి కదా, ముందు సరుకు సంగతే అడిగాడు:

“నెలకి ఎన్ని లుంగీలియ్యగలవు?”

“మీరు అమ్ముతానంటే మగ్గాలు పెంచుతా, మామూ.”

“చానా బాగుంది. కాళ్లకేం అంటలేదు గానీ, మొహం అట్టా ఎర్రగా అయిందేం?”

“అది దిగే రంగు కాదులే, అబ్బాజాన్!” అంది పైనున్న షకీలా.

ఏడాది తిరిగేసరికి పన్నెండు మగ్గాలు, ఆయిల్ ఇంజనుతో షెడ్డు పెరిగి, బోర్డే చిన్నదైపోయింది.

నికా రోజున మాత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. వచ్చినవాళ్లందరూ ఈసారి కూడా కాళ్లే చూశారు. పెళ్లికొడుకువి.