గోడ లేని తలుపు

షికాగోలో మా రేడియో స్టేషన్ నాలుగో స్టూడియోలో ఒక తలుపుంది. దానికి గోడ లేదు. చట్రంతో సహా చక్రాల మీద, గది మధ్యలో నిలబడి ఉంటుంది. డిటెక్టివ్ నాటకాల్లో తలుపు చప్పుడంతా దానిదే. పని లేనప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోరు. చుట్టూ తిరిగి వెళ్తారు తప్ప అందులోంచి నడవరు.

చప్పుళ్లు చేసే కాజిమిర్ ఆ తలుపు దగ్గరే పోయాడు. మూడు సార్లు తట్టాల్సినవాడు రెండు సార్లు తట్టి... కుప్పకూలాడు.

ఆ తర్వాత మూడు సార్లు తట్టే ఘట్టం వచ్చినప్పుడల్లా — అవతల నుంచి నాలుగోది వినపడేది. మూడు దాకా లెక్కపెట్టడం రాదని అతని చోట వచ్చిన ఇద్దరి ఉద్యోగాలు పోయాయి.

వాళ్ల తర్వాత వచ్చింది వెల్మా, టైపు బల్ల దగ్గర నుంచి. ఆ రాత్రి నాటకం సరిగ్గా సాగితే ఈ ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ ఆ బల్లే. ఈ కథ ఆవిడ చెప్పిందే. సెకన్లు మాత్రం నావి — గాజు గదిలో స్టాప్‌వాచ్ పట్టుకునేది నేను.

ఆ నాటకంలో హంతకుడు ఎప్పుడూ మూడు సార్లే తడతాడు. డిటెక్టివ్ వేషం వేసే డెల్బర్ట్ గారు అతన్ని పట్టుకునేది దాంతోనే. నాలుగోది వినపడిందా, హంతకుడు ఇంకొకడైపోతాడు.

వెల్మా ఆలోచించింది. కాజిమిర్‌కి మిగిలిపోయింది ఒక్కటే కదా... అది ఆయనకే వదిలేస్తే?

ఎనిమిదింటికి ప్రసారం. ఠక్. ఠక్. చెయ్యి దించేసింది.

ఒక సెకను... రెండు...

ఠక్.

నాలుగోది లేదు.

"ఆ ఆగడం బాగుందమ్మా," అన్నారు దర్శకుడు ఫెన్విక్ గారు. "పదకొండింటికీ అలాగే కానీ."

అక్కడ టైము రెండు గంటలు వెనక కాబట్టి, పడమటి తీరం వాళ్లకి అదే నాటకం మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

పదకొండుకి ముందు వెల్మా తలుపు మీదికి వంగి గొణిగింది. "బాబాయ్... ఇంకొక్కసారి."

ఠక్. ఠక్.

ఒకటి... రెండు... మూడు... నాలుగు —

ఠక్.

రెండు సెకన్లు ఎక్కువయ్యాయి. ఆర్గన్ వాయించే ఆయన చివరి సంగీతం తగ్గించి ఆ రెండూ మింగేశాడు. "సోమవారం నుంచి నువ్విక్కడే," అని ఫెన్విక్ గారు ఇంటికెళ్లిపోయారు.

డెల్బర్ట్ గారు కోటు తొడుక్కుంటూ అన్నారు. "ఏం అమ్మాయ్, రెండు తట్టి ఊరుకున్నావేం? ఎనిమిదింటికి నేను మైకు స్తంభం మీద కొట్టబట్టి సరిపోయింది."

"అది... మీరా?"

"ఇంకెవరు? ఇదిగో, ఈ ఉంగరంతో."

వెల్మా ఆ తలుపు తెరిచి, అందులోంచి నడిచి ఇవతలికి వచ్చింది.

"ప్రాణం లేచొచ్చిందండీ. మరి పదకొండింటికి నాలుగు సెకన్లు ఎందుకు ఆగారు?"

డెల్బర్ట్ గారు టోపీ పెట్టుకోబోయి ఆగారు.

"పదకొండింటికి నేను కొట్టలేదు. నువ్వే కొట్టావనుకున్నాను."