వెనక సీటు

మా అన్నయ్యను ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. బతికుండగానే ఊరుకోలేదు, పోయాక ఊరుకుంటానా? అందుకే మోటార్ సైకిళ్ళ కొట్లో లసీనా టోయే అనేవాడి మీదికి హెల్మెట్ విసిరాను. తగల్లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

జరిగింది చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మా వాగడూగూ నగరంలో బండి లేని మనిషికి కాళ్ళు లేనట్టే. కూరగాయలమ్మే అవ్వల దగ్గర్నుంచి పంతులమ్మల దాకా అందరూ బండ్ల మీదే తిరుగుతారు. నేను మాత్రం నేర్చుకోలేదు. అవసరమేముంది? నేను బట్టలు కుట్టే షాపు ఊరికి అవతలి చివర ఉంది. అన్నయ్య ఇస్సాకా పొద్దున్నే అక్కడ దింపి, సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకొచ్చేవాడు. నాన్న పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. బండి తీసే ముందు సీటు మీద రెండుసార్లు తట్టి, "రాణీగారు కూర్చున్నారా?" అని అడిగేవాడు. నేను "కూర్చున్నాం, పోనీ" అనాలి. అననిదే బండి కదిలేది కాదు. వానలో తడుస్తున్నా సరే, అనాల్సిందే.

ఆ అన్నయ్య పచ్చకామెర్లతో పోయాడు. సమాధి మట్టి ఆరకముందే పెదనాన్న ఊరి నుంచి దిగాడు. మగవాడి వస్తువు మగవాడికే చెందాలని తీర్పిచ్చి, అన్నయ్య బండిని తన కొడుకు చేత తోలించుకుపోయాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ వెనక సీటు అరగదీసిందాన్ని నేను. పైగా, ఆడపిల్లవి టాక్సీలో నలుగురితో సర్దుకుని వెళ్ళమని సలహా ఒకటి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూడబెట్టుకున్నదంతా సంచిలో వేసుకుని బండి కొనడానికి బయల్దేరాను. ఏడవలేదు. కోపంగా ఉన్నంతసేపు ఏడుపు రాదు, అదొక సుఖం.

కొట్లో లసీనా ఉన్నాడు. పొడుగ్గా ఉన్నాడు, బాగానే ఉన్నాడు, ఆ సంగతి తనకీ తెలుసు. నన్ను చూడగానే గులాబీ రంగు స్కూటర్ చూపించాడు. నాకు గేర్ల బండి కావాలని, అదిగో ఆ మూలనున్న నల్లది మా అన్నయ్య బండిలాగే ఉందని, అదే కావాలని చెప్పాను. నడపడం వచ్చా అన్నాడు. రాదన్నాను. పేరు అడిగాడు. బిబటా నికియెమా అన్నాను.

నికియెమా అనగానే వాడి మొహం చాటంత అయింది. నికియెమాలంటే మోసీలు, టోయేలంటే సామోలు. ఈ రెండు జాతులకూ తాతల నాటి నుంచి పరిహాసపు చుట్టరికం ఉంది. బావామరదళ్ళ ఎకసెక్కాల్లాంటివే, కాకపోతే ఆ జాతి మొత్తానికీ ఈ జాతి మొత్తంతోనూ. మేం వాళ్ళని మా పాలేర్లంటాం, వాళ్ళు మమ్మల్ని వాళ్ళ పాలేర్లంటారు. మేం కుక్క తలకాయ తింటారని వాళ్ళని అంటే, గాడిద తలకాయ తింటారని వాళ్ళు మమ్మల్ని అంటారు. ఏమన్నా సరే, కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

"గాడిద తలకాయ తినేవాళ్ళకి గేర్ల బండెందుకు? గాడిదే చాలుగా" అన్నాడు.

ఇంకో రోజైతే నేనూ నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు నల్లబండి ధరెంతని మాత్రం అడిగాను. బండి తోలుకెళ్ళడానికి తోడెవరూ రాలేదా అని అడిగాడు. ఉన్న ఒక్క అన్నయ్యా పోయాడని చెప్పాను. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా.

"పోలేదు, వట్టిది. వానాకాలం వస్తోంది. మా సామోల పొలంలో కలుపు తీయాల్సొస్తుందని దాక్కున్నాడు. మోసీలంతా అంతే, పని అనేసరికి చచ్చిపోతారు."

హెల్మెట్ విసిరింది అప్పుడే.

ఇంటికొచ్చి చెబితే మేనత్త సలమాతా నన్ను గుండెకి హత్తుకుంటుందనుకున్నాను. ఆమె లెంపలేసుకుంది. సామో మీద చెయ్యెత్తావా అని గుడ్లురిమింది. చచ్చిపోయినవాళ్ళని వాళ్ళు వెక్కిరించకపోతే ఆ దుఃఖాన్ని ఎవరు మోస్తారంది. కోలా కాయలు తీసుకెళ్ళి క్షమాపణ అడిగితే గాని ఇంట్లో అడుగు పెట్టొద్దంది. చూశారా న్యాయం? నా అన్నయ్యని తిట్టింది వాడు, తలొంచుకోవాల్సింది నేను.

మర్నాడు కోలా కాయలు వాడి బల్ల మీద పెట్టాను.

"తప్పు నాదట. అలాగని మా అత్తయ్య అంది, నేననలేదు. తీసుకో."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక కాయ కొరికి, సగం నాకిచ్చి, శిక్ష మాత్రం తప్పదన్నాడు. ఆ నల్లబండి నేనే కొనుక్కోవాలట, నడపడం వచ్చేదాకా తన దగ్గరే నేర్చుకోవాలట. తన పాలేరు రోడ్డు మీద ఎవర్నైనా గుద్దితే పరువు తనదే పోతుందట.

సంచిలో డబ్బంతా కట్టి బండి తీసుకున్నాను. రోజూ సాయంత్రం చెరువుకట్ట వెనక ఖాళీ స్థలంలో నేర్పేవాడు. ఎర్రదుమ్ములో ఇద్దరం ఇటుకబొమ్మల్లా తయారయ్యేవాళ్ళం. క్లచ్ వదలమంటే వదలనని, బ్రేకు నొక్కమంటే నొక్కనని తిట్టేవాడు. నేర్పడం చేతకాక సాకులంటూ నేనూ తిట్టేదాన్ని. గేర్లు పట్టుబడ్డాయి, మలుపులు పట్టుబడ్డాయి. ఒక్క మొదలే పట్టుబడలేదు. స్టార్ట్ చేసి క్లచ్ మీద చెయ్యి పెట్టేసరికి బిగుసుకుపోయేదాన్ని, బండి ఆగిపోయేది, వాడు వెనక నుంచి తోస్తేనే కదిలేది. లోపం బండిలో లేదని నాకు తెలుసు. వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూసి, మళ్ళీ కోపం తెచ్చుకునేదాన్ని.

ఒకరోజు ఆ ఏటి మొదటి వాన కొట్టింది. బొబ్బర్లూ అన్నం అమ్మే ఆమె రేకుల కింద దూరాం. తడిసిన చొక్కాతో వాడు తింటూంటే నేను చూశాను. నేను చూడటం వాడు చూశాడు. ఇద్దరం గబగబా గిన్నెల్లోకి చూసుకున్నాం. అప్పుడెందుకో సీటు మీద తట్టే సంగతి చెప్పేశాను. అన్నయ్య అడిగేవాడని, నేను జవాబు చెబితేనే బండి కదిలేదని. ఇంకెవరికీ చెప్పని మాట అది.

వాడు గిన్నె పక్కన పెట్టాడు. గాడిదలూ లేవు, పాలేర్లూ లేరు. నాకు భయం వేసింది.

"ఏం, తిట్టవేం?"

"ఇవాళ రావట్లేదు" అన్నాడు.

నలభయ్యో రోజు మా ఇంటి ముందు అన్నయ్యకు దువా చేశారు. ప్రార్థనలయ్యాయి, సజ్జపిండి పానకం పంచారు. పెదనాన్న మధ్యలో కూర్చుని పెద్దరికం వెలగబెడుతున్నాడు. అంతలో, పోయినవాడిలా నటించి నవ్వించే ఆచారం ప్రకారం సామోలు దిగారు. ముందు లసీనా. ఒంటి మీద అన్నయ్య నీలం చొక్కా. అది పెట్టెలోంచి తీసిచ్చిందెవరో నాకు వెంటనే అర్థమైంది, అత్తయ్య తల తిప్పుకుంది.

వాడు పొడుగాటి కొయ్యరోలు పడుకోబెట్టి బండిలా ఎక్కాడు. లేని అద్దాన్ని అన్నయ్యలాగే సవరించి మీసం చూసుకున్నాడు. అన్నయ్యలాగే రెండుసార్లు దగ్గాడు. అవీ అత్తయ్యే చెప్పుంటుంది. ముసలివాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. అప్పుడు వెనక్కి చెయ్యి చాపి, రోలు మీద రెండుసార్లు తట్టాడు.

"రాణీగారు కూర్చున్నారా?"

నా ఒళ్ళు భగ్గుమంది. వానలో నమ్మి చెప్పుకున్న మాటని అంగడిలో పెట్టేశాడు. చాపలు తొక్కుకుంటూ వెళ్ళి చెయ్యెత్తాను. ఈసారి గురి తప్పే దూరం లేదు. వాడు తప్పుకోలేదు. మొహంలో నవ్వూ లేదు. మళ్ళీ రెండుసార్లు తట్టాడు, ఈసారి మెల్లగా.

"చెప్పు బిబటా. చెప్పకపోతే ఆయన బండి కదలదు."

ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో తెలీదు. "కూర్చున్నాం" అన్నాను. వాడి చెయ్యి ఇంకా రోలు మీదే ఉంది. "పోనీ."

అప్పుడు ఏడ్చాను. అన్నయ్య పోయినప్పటినుంచి దాచుకున్నదంతా అందరి ముందూ ఏడ్చాను. అత్తయ్య వచ్చి పట్టుకుంది. ఎవరూ ఊరుకోమనలేదు.

సామోలకి ఏదో ఒకటి ఇవ్వందే కదలరు, అడిగింది కాదనకూడదు. పెదనాన్న కోలా కాయలిచ్చాడు, లసీనా తీసుకోలేదు. కోడినిచ్చాడు, వద్దన్నాడు. మరేం కావాలో చెప్పమని పెదనాన్న విసుక్కున్నాడు. వాడి చూపు నామీదుంది. పిల్లనిమ్మని పెదనాన్ననే అడగబోతున్నాడని, నన్ను అడక్కుండా బండి తీసుకుపోయినట్టే నన్నూ ఇచ్చేస్తాడని, విసరడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను.

"మిమ్మల్ని అడిగేదేం లేదు పెద్దాయనా" అన్నాడు. నా వైపు తిరిగాడు. "నల్లబండి వెనక సీటు ఖాళీగా ఉందంటగా. ఎవరికైనా ఇస్తావా, లేకపోతే అలాగే ఉంచుకుంటావా? నిన్నే అడుగుతున్నా."

నన్ను అడిగాడు. ఇన్నాళ్ళలో నన్ను ఒక మాట అడిగినవాడు వాడొక్కడే.

"సామోల బరువుకి టైరు పేలుతుందేమో" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"పేలితే నేనే తోస్తా. ఎన్నేళ్ళైనా."

బండి బయటికి తీశాను. అన్నయ్య చొక్కాతోనే వాడు వెనక ఎక్కాడు. పెదనాన్న ఏదో అనబోతే, సామో అడిగింది కాదంటావా అని అత్తయ్య ఆయన నోరు మూయించింది. స్టార్ట్ చేశాను. క్లచ్ మీద చెయ్యి పెట్టగానే వేళ్ళు అలవాటుగా బిగుసుకున్నాయి. కుడిచెయ్యి వెనక్కి చాపి, సీటు మీద రెండుసార్లు తట్టాను.

"పాలేరుగారు కూర్చున్నారా?"

"కూర్చున్నాం" అన్నాడు నా చెవి దగ్గర. "పోనీ."

బండి కదిలింది.