ఎర్తింగ్ గోతిలో నీళ్ళు

యాంప్లిఫయరు కొందామని సాక్చీ బజారుకి బయల్దేరినప్పుడు నాకున్నది ఒకటే ఆశ. నా కూతురు యోగిత ఏం వాయిస్తోందో నా చెవిన పడాలి. అప్పటికి ఆ పిల్ల నోటి నుంచి మాట వచ్చి ఏడాది దాటిపోయింది.

నా పేరు చినబాబు. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో ఉంటాను. లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రిషియన్ని. మా వాళ్ళది పాలకొండ వైపు, నేను పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే. నా భార్య గౌరీదేవి జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి యోగిత మాట్లాడటం మానేసింది. డాక్టర్లు గొంతులో లైటు వేసి చూసి అంతా బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే మాట ఏదయ్యా అని వాళ్ళ మీద అరిచాను. పిల్లని బతిమాలాను, తిట్టాను, దాని ముందు కూర్చుని ఏడ్చాను కూడా. అది గిటార్ ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూసేది. ఎలక్ట్రిక్ గిటార్ కదా, యాంపు లేకపోతే దోమ పాడినట్టు ఉంటుంది. ఏడాదిగా మా ఇంట్లో ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వరహాలు గారని మా వైపాయనే, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా నడిపి మానేసి ఇప్పుడు సాక్చీలో పాత సామాను అమ్ముతాడు. యోగితనీ దాని గిటార్నీ ఆయన కొట్టుకి తీసుకెళ్ళాను. మొదట ఒక కొత్త రకం యాంపు పెట్టాడు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఇంకోదానికి బోలెడు బటన్లు, ఏది నొక్కినా ఒకటే గరగర. నాకు ఒళ్ళు మండింది.

“ఇదేటండీ, పిల్ల మీటేదొకటి, ఇందులోంచి వచ్చేదొకటి!”

“తేట శబ్దం కావాలంటే వీటిల్లో రాదు బాబూ,” అన్నాడాయన. “వాల్వులదొకటుంది. మంచి బరువు. మోసుకెళ్తానంటే తీత్తాను.”

నల్ల రెక్సిన్ పెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ. స్విచ్చి వేశాక వేడెక్కడానికి కాసేపు పట్టింది. వెనక, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వుల్లో నారింజ రంగు వెలుగు లేచింది. యోగిత ఒక్క తీగ మీటింది.

ఏం చెప్పను! ఆ ఒక్క తీగలోనే ఇల్లు నిండినంత శబ్దం. ఎక్కడా బొంగురు లేదు, గరగర లేదు. తర్వాత అన్ని తీగలూ మీటింది. ఒక్కోటీ విడివిడిగా వినిపించింది. వేలు తీగ మీద జారితే ఆ చర్మం రాపిడి కూడా తెలిసింది. పిల్ల కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. మాట రాలేదు గాని కదిలాయి, నేను చూశాను. బేరం కూడా ఆడకుండా ఆటోలో వేయించేశాను.

“ఎర్తింగ్ బాగుండాల బాబూ,” అని వరహాలు గారు వెనక నుంచి అరిచాడు. “లేకపోతే గుంయ్‌మని చంపేత్తాది.”

ఎర్తింగ్ గురించి నాకు చెప్తాడా అని నవ్వుకున్నాను. కాని ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టగానే నిజంగానే గుంయ్‌మంది. మా కాలనీ వైరింగు మా నాన్న కాలంనాటిది. ప్లగ్గులో మూడో కన్నం ఉంటుంది గాని దాని వెనక వైరుండదు. సరే, సొంతంగా ఎర్తింగ్ వేద్దామని పెరట్లో గోడ పక్కన తవ్వడం మొదలెట్టాను. అక్కడ మట్టి మెత్తగా ఉంది. మే నెలలో జంషెడ్‌పూర్ నేల గునపానికే లొంగదు, అక్కడ మాత్రం పారతోనే వచ్చేసింది. నాకు సంతోషం వేసింది.

సగం తవ్వాక గుర్తొచ్చింది. గౌరి అస్థికలు సోనారి దగ్గర రెండు నదులు కలిసే చోట కలిపాం గాని, కొన్ని మాత్రం ఊళ్ళో నాగావళిలో కలపాలని చిన్న ముంతలో ఉంచాం. అలాంటివి ఇంట్లో పెట్టకూడదు. అందుకని మా బావమరిది పైడిబాబు పెరట్లోనే ఎక్కడో పూడ్చాడు. ఎక్కడో నేను చూడలేదు. అప్పుడు నేను లేచి నిలబడే స్థితిలో లేను.

మట్టి మెత్తగా ఉంటే మరి ఇక్కడే అయ్యుంటుందనుకున్నాను. పారకి ముంత తగల్లేదు. ఇంకా కిందుందేమో అనిపించింది. ఆపేసి వేరే చోట తవ్వాల్సింది. తవ్వలేదు. నిజం చెప్పొద్దూ, దాని పక్కనే వేస్తే బాగుంటుందనిపించింది. పైపు దింపాను, ఉప్పూ బొగ్గూ పోశాను, వైరు బిగించాను. ఎండాకాలం ఎర్తింగ్ గోతికి నీళ్ళు పోస్తూ ఉండాలి. మట్టి ఎండితే ఎర్తింగ్ పని చెయ్యదు. ఫ్యాక్టరీలో రోజూ చేసే పనే అది. మా వాళ్ళలో ఇంకో పద్ధతి ఉంది. పోయినవాళ్ళకి నీళ్ళు వదిలేటప్పుడు పేరు పెట్టి పిలుస్తారు. బకెట్టు వంచుతుంటే నోట్లోంచి అదే వచ్చేసింది.

“గౌరీ, తాగవే. నీ కూతురు వాయిత్తాది, ఇను.”

నీళ్ళు గుటకేసినట్టు లోపలికి పోయాయి. పైన తడి కూడా నిలవలేదు.

లోపల గుంయ్ ఆగిపోయింది. యోగిత సాయంత్రం దాకా వాయించింది. నేను వంటింట్లో బియ్యం కడుగుతూ వింటున్నాను. ఒక తీగ మోగి ఆగాక, ఇంకోటి మీటేలోపు ఖాళీ ఉంటుంది కదా. ఆ ఖాళీలో ఏదో ఉంది. ఊపిరి లాంటిది.

తర్వాత నా కూతురు గొంతు వినిపించింది.

“అమ్మా.”

చేతిలో గిన్నె జారిపోయింది. పరుగెత్తాను. పిల్ల నేల మీద కూర్చుని యాంపు గుడ్డకి చెంప ఆనించి ఉంది. “ఊఁ అమ్మా... అలాగేనమ్మా...” అంటోంది. నేను గుమ్మానికి చేరబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆనందమే అది. ఆ పిల్ల ఇక్కడి బళ్ళో చదివింది, మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. నన్ను ‘పాపా’ తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు. మరి ఈ తెలుగు ఎక్కడిదని అప్పుడు నాకు తట్టలేదు.

నాతో మాత్రం మాట్లాడలేదు. పిలిస్తే పలకదు. గిటార్ కూడా పక్కన పెట్టేసింది. యాంపు వేసుకుని దానితోనే కబుర్లు. పోనీలే, ఇవాళ దానితో, రేపు నాతో అనుకున్నాను.

తర్వాత నీళ్ళు తాగడం మానేసింది. గ్లాసు ఇస్తే తీసుకునేది, చూస్తే పెరట్లోకెళ్ళి గోతిలో పోసేది. కొబ్బరినీళ్ళూ అంతే, మజ్జిగా అంతే. పెదాలు పగిలిపోయాయి. చెయ్యి పట్టుకుంటే చర్మం ఎండిన తొక్కలా ఉంది. డాక్టరు సెలైను పెట్టి, ఒంట్లో నీరు ఇలా ఎలా ఇంకిపోతోందని నన్నే కోప్పడ్డాడు. ఇంటికి తెచ్చిన పూటకే మళ్ళీ అలాగే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం వడగాడ్పు కొడుతోంది. పిల్ల నిద్రపోతుంటే యాంపు తీసేద్దామని వంగాను. గుడ్డ లోంచి వాసన వచ్చింది. తడిసిన బొగ్గు వాసన... దాని కింద ఇంకేదో, పాత బావి వాసన. గుడ్డకి చెవి పెట్టాను.

చిన్న దగ్గు. గౌరి మాట్లాడబోయే ముందు అలాగే దగ్గేది.

“ఇంకొంచెం,” అంది.

నా గౌరి గొంతే. ఎంత తేటగా ఉందంటే, పళ్ళ మధ్య నుంచి గాలి పోవడం కూడా వినిపించింది. ప్లగ్గు మీద ఉన్న నా చెయ్యి కదల్లేదు. ప్లగ్గు పీకితే నా భార్య మళ్ళీ చచ్చిపోతుంది, నా కూతురు మళ్ళీ మూగదైపోతుంది. ఉంచితే... మంచం మీద పిల్లని చూశాను. ఎండిపోయి ఎంత చిన్నదైపోయిందో! దేవుడా, నేనేం చెయ్యాలి? లేచి వెళ్ళి ఇంకో బకెట్టు పోసి వచ్చాను.

కాని పిల్ల చచ్చిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది. ముంత తీసి నాగావళిలో కలిపేస్తే గౌరి శాంతిస్తుందేమో, పిల్లని వదిలేస్తుందేమో అనుకున్నాను. సాయంత్రం వీధిలోకెళ్ళి పైడిబాబుకి ఫోన్ చేశాను.

“మీ అక్క ముంత ఎంత లోతులో పెట్టావురా? గోడ పక్కనే కదా?”

“ఏటి బావా, ఏటంటన్నావు?” అన్నాడు వాడు. “ముంత అక్కడెక్కడుంది? కర్మలైన వారమే తవ్వి తీసి తెచ్చీసినాను. నాగావళిలో కలిపీసినాను. నీకు సెప్పినాను. నువ్వప్పుడు ఈ లోకంలో లేవు.”

“మరి గోడ పక్కన...”

“గోడ పక్కన నేను పెట్టనేదు బావా. మెట్టు కాడ పెట్టినాను. గోడ పక్కనేటుంది?”

గౌరి అక్కడ లేదు. ఎప్పుడూ లేదు. మరి తాగుతున్నదెవరు? ఎవరో ఏమిటో తెలియని దానికి, పేరు పెట్టి, నీళ్ళు పోసి పిలిచింది నేనే.

ఇంట్లోకి పరుగెత్తాను. పొద్దు వాలిపోయింది, గదిలో వాల్వుల వెలుగు ఒక్కటే ఉంది. యోగిత యాంపు ముందు పడుకుని ఉంది. ఒక చేత్తో ఎర్తు వైరు పట్టుకుంది. పై తొడుగు కొరికేసినట్టుంది... రాగి తేలింది.

“ఇంకొంచెం...” అంది పెట్టెలోంచి గౌరి గొంతు. “ఇంకొంచెమే...”

“వత్తన్నానమ్మా,” అంది నా కూతురు గుసగుసగా.

“యోగితా!”

కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

బోర్డు దగ్గరికి దూకాను. మెయిన్ ఫ్యూజు పీకేశాను. ఫ్యాను ఆగింది. వాల్వులు మెల్లగా ఎర్రబడి... ఇంకా ఎర్రబడి... ఆరిపోయాయి. ఆరే దాకా అది అడుగుతూనే ఉంది. తర్వాత లేదు. పెరట్లోకెళ్ళి వైరు తెంపేశాను. గోతిలోంచి గుటక చప్పుడొకటి వచ్చింది. నేను తొంగి చూడలేదు.

పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. బరువే లేదు. గ్లాసు పెదాలకి ఆనించి, తాగమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, తాగమ్మా అన్నాను. ఒక గుక్క మింగింది. ఇంకో గుక్క. గ్లాసు మొత్తం తాగేసింది. నా వైపు తల తిప్పింది. ఏడాది తర్వాత నన్ను చూసి నా బిడ్డ నోరు విప్పింది.

“నాన్నా,” అంది. “బయపడ్డావా?”

గుండెకి హత్తుకున్నాను. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, నాకే తెలియదు. దాని మెడ నా చొక్కా జేబుకి ఆనింది. జేబులో టెస్టరు ఉంది. కరెంటున్న చోట తగిలితే వెలుగుతుంది, మా ఎలక్ట్రిషియన్లందరి జేబులోనూ ఉండేదే. దాని మొన పిల్ల మెడకి తగిలింది.

టెస్టరు వెలిగింది.

ఇంట్లో కరెంటు లేదు. పీకిన ఫ్యూజు నా ప్యాంటు జేబులోనే ఉంది. చీకట్లో నా గుండె మీద ఆ చిన్న ఎర్ర దీపం నిలకడగా వెలుగుతోంది. వణకడం లేదు.

“ఏటి నాన్నా, ఏటి సూత్తన్నావు?”

ఎంత తేటగా ఉందా గొంతు! ఎక్కడా గరగర లేదు. ఈ మాట కోసం నేను మొక్కని దేవుడు లేడు. టెస్టరు తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాను.

“ఏటీ నేదమ్మా,” అన్నాను. “ఇంకా మాట్లాడు.”