పన్నెండో పెట్టె

ఆదివారం మధ్యాహ్నం పూట స్కూటరు ఆఫీసు గేటు ముందు ఆగింది.

"కాస్త వెనక్కి జరిగి కూర్చోవే తల్లీ. ఇలా తోస్తూ పోతే నేను హ్యాండిల్ ఎక్కి నడపాల్సిందే," అన్నాడు మొగుడు, తన నడుం పట్టుకుని.

"ఇంకెక్కడికి జరగను? వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాను. మీ పొట్ట పెరిగి నన్నంటారేం?"

"పొట్ట ఇరవై ఏళ్ల నాటిది. ఈ తోపుడే రెండు నెలలుగా కొత్త."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాలుగున్నరకి వస్తానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. మెట్లెక్కేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

ఆఫీసులో అందరూ ఆమెని సర్వరమ్మ అంటారు. వెబ్‌సైటు వెనకాల, చూసేవాళ్ల కంటికి కనపడని చోట జరిగే పనంతా ఆమెది. తొమ్మిదేళ్లుగా అందులో ఆమెకి తిరుగులేదు. కానీ పేజీ మీద ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలి, ఎంత వెడల్పు ఉండాలి, దేని పక్కన ఏది రావాలి అని చెప్పే సీఎస్ఎస్ ఉందే, అది మాత్రం ఆమెకి కొరుకుడు పడలేదు. పడలేదని కాదు, కొరకనే లేదు. ఆ పనికి బాబాయ్ ఉండేవాడు మరి.

బాబాయ్ అంటే చుట్టరికం కాదు. ఆఫీసు మొత్తానికీ ఆయన పెట్టెల బాబాయే. "పేజీ అంటే ఏమీ లేదమ్మా, పెట్టెల్లో పెట్టెలు, అంతే," అనేవాడు. ఆమె కుర్చీకి వీపు ఆనించినట్టుండేది ఆయన కుర్చీ. రోజూ సరిగ్గా నాలుగింటికి అది కిర్రుమని తిరిగేది. నొప్పుల మందు వాసన గుప్పుమనేది. "నాలుగైంది, రామ్మా. అరగంట కూర్చుంటే చాలు, నేర్పేస్తాను."

"రేపు బాబాయ్."

రెండేళ్లు ఇదే మాట. పైగా ఆ రెండేళ్లూ అదే నేర్పే వీడియోలు రాత్రింబవళ్లు చూసింది. కోర్సులో చేరింది, సర్టిఫికెట్టు అచ్చు వేయించి గోడకి తగిలించింది. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉండేది. ఖాళీ ఫైలు తెరిస్తే చెయ్యి ఆడేది కాదు. ఎక్కడిదో నాలుగు వరుసలు తెచ్చి అతికించడం, పెట్టె పక్కకి పోతే మైనస్ పన్నెండని రాసి ఇటు లాగడం, అప్పటికి గండం గట్టెక్కిందనుకోవడం. దాన్ని చదువంటారా? నేర్పే మనిషి వీపు వెనకే కూర్చుని పిలుస్తుంటే తిరిగి చూడని వాళ్లకి ఎన్ని వేల వీడియోలుంటే ఏం లాభం?

చివరి రోజు కూడా పిలిచాడు. ఆమె తల తిప్పకుండానే, "రేపు ఖాయం బాబాయ్. ఒట్టు," అంది.

తెల్లారి ఆయన రాలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. అది జరిగి రెండు నెలలు.

శుక్రవారం మేనేజరు పిలిచి సూటిగానే చెప్పాడు. "సోమవారం పదింటికి పెద్ద కంపెనీ వాళ్లు మన వెబ్‌సైటు చూడ్డానికి వస్తున్నారు. మన మనుషుల పేజీ మధ్యలో పన్ను ఊడినట్టు ఆ ఖాళీ ఏంటమ్మా? సరిచెయ్యి. నీకు రాదంటే చెప్పు. రెండు పనులూ వచ్చినవాళ్లు బయట బోలెడుమంది ఉన్నారు."

రాదని చెప్పే వీల్లేదు. మొగుడి దుకాణం మూతబడ్డ దగ్గర్నుంచీ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆమె ఉద్యోగం మీదే.

అందుకే ఈ ఆదివారం రాక.

తలుపు తీసేసరికి మూసిన గదుల వాసన. కిటికీల తెరలు దించి ఉన్నాయి. నీళ్ల యంత్రం ఉండుండి గుటక వేస్తోంది. రెండు వరుసల్లో ఆరేసి బల్లలు, వాటి మీద పన్నెండు నల్లటి కంప్యూటరు తెరలు. ఆమె తన కుర్చీలో కూర్చుంది. వీపు వెనక ఖాళీ కుర్చీ అలాగే ఉంది. దాన్ని తీసేద్దామని ఎవరికీ తోచలేదెందుకో.

పేజీ తెరిచింది. వరుసకి నలుగురు చొప్పున పన్నెండుమంది ఉద్యోగుల ఫొటోలుండేవి. బాబాయ్ పోయాక జాబితాలోంచి ఆయన పేరు ఆమే తీసేసింది. ఒక పేరు పోతే మిగతావాళ్లు ముందుకి జరగాలి. ఖాళీ ఏదైనా ఉంటే చివర ఉండాలి. కానీ రెండో వరుసలో మూడోది, ఆయన చోటు, అలాగే ఉంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు దానికి దారి వదిలి నిలబడ్డట్టున్నారు.

గంటసేపు తనకి తెలిసిన తిప్పలన్నీ పడింది. మైనస్ పన్నెండు. మైనస్ నూట ఇరవై. ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఖాళీ మాత్రం కదల్లేదు.

అప్పుడు లేచి బాబాయ్ బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన తెర అంచుకి అంటించిన చీటీ ఇంకా ఉంది. గుండ్రటి చేతిరాత.

'మొదట పెట్టెలన్నిటికీ ఎర్ర గీత గియ్యి. ఏమేం ఉన్నాయో చూడు.
తెలియకుండా ఏ పెట్టెనీ తొయ్యకు.
ఏది కదిలితే పెట్టె కదులుతుందో కనుక్కో. దాన్ని పట్టుకున్నది అదే.'

ఇన్నాళ్లూ పక్కనే ఉన్న ఈ మూడు ముక్కలు ఆమె ఇవాళే చదివింది.

తన కుర్చీలోకి వచ్చి, పేజీలోని ప్రతి పెట్టె చుట్టూ ఎర్ర గీత వచ్చేలా ఒక్క వరుస రాసింది. గీతలు వచ్చాయి. లెక్కపెట్టింది.

పన్నెండు.

మనుషులు పదకొండుమందే. పన్నెండో పెట్టె ఆ ఖాళీలో ఉంది. లోపల ఏమీ లేదు. ఫైలంతా వెతికింది. అలాంటి పెట్టె ఫైల్లో ఎక్కడా లేదు.

సరే, చీటీలో ఉన్నట్టే చేద్దామనుకుంది. పేజీని పైకి జరిపింది. పదకొండు పెట్టెలూ పైకి వెళ్లాయి. పన్నెండోది వెళ్లలేదు.

బ్రౌజరు కిటికీని సన్నం చేసింది. పదకొండూ సర్దుకుని వరుసకి రెండేసి నిలబడ్డాయి. పన్నెండోది కిటికీ బయట, ఉత్త తెర మీద ఉంది.



బ్రౌజరు మూసేసింది. గీత ఉంది.

తెర ఆపేసింది. నల్లటి అద్దంలో సన్నటి ఎర్ర గీత... ఉంది.

లేచింది. కుర్చీ పక్కకి నెట్టి తలుపు వైపు అడుగేసింది. తన తెర మీద గీత ఆరిపోయింది. పక్క బల్ల మీది తెరలో వెలిగింది. ఆ తెర కూడా ఆపేసి ఉన్నదే. ఇంకో అడుగు. దాని పక్క తెరలో వెలిగింది. ఆగింది. గీతా ఆగింది. రెండడుగులు వెనక్కి వేసింది. గీత కూడా వెనక్కి వచ్చింది.

ఏది కదిలితే... అది కదులుతోంది.

పేజీ కాదు. కిటికీ కాదు. తెర కాదు.

తను.

నీళ్ల యంత్రం గుటక వేయడం మానేసింది. ఆ నిశ్శబ్దంలో, వీపు వెనక, కుర్చీ కిర్రుమంది. మెల్లగా... తిరుగుతున్నట్టు. నొప్పుల మందు వాసన. గోడ గడియారంలో సరిగ్గా నాలుగు.

"నాలుగైంది..." గుసగుస. చెవి పక్కనే. "రామ్మా..."

కాళ్లు తలుపు వైపు లాగాయి. కళ్ల ముందు సోమవారం పదిగంటలు కనపడ్డాయి. ఇంట్లో పొయ్యి కనపడింది. అన్నిటికన్నా ముందు, తల తిప్పకుండా తను వేసిన ఒట్టు గుర్తొచ్చింది.

"వచ్చాను... బాబాయ్," అంది. ఆ గొంతు ఆమెకే వినపడలేదు.

తన కుర్చీలో కూర్చుంది. తెర వెలిగించింది. వెనక్కి చూడలేదు. ఎవరూ మాట్లాడలేదు. కానీ ఏ వరుస మీద ఆమె చూపు నిలవాలో అక్కడే నిలిచింది. తప్పు అక్షరం మీదికి వేలు వెళ్తే భుజం మీద చల్లగా ఏదో ఆనేది. వేలు ఆగిపోయేది. ఒక్కో పెట్టె ఎందుకు అక్కడ ఉందో, దేని లోపల ఉందో, ఏది జరిగితే జరుగుతుందో... తొమ్మిదేళ్లు తెలియనిది అరగంటలో తెలిసింది. తను అతికించిన చెత్తంతా తనే చెరిపేసింది. పదకొండు పెట్టెలూ వరుసగా కూర్చున్నాయి. మధ్యలో ఖాళీ లేదు. ఎర్ర గీతలు తీసేసింది. పేజీ అద్దంలా ఉంది.

నాలుగున్నర.

రెండు చేతులూ జోడించింది. చెంపలు తడిగా ఉన్నాయి. "నేర్చుకున్నాను బాబాయ్. నన్ను క్షమించు. ఇక... సెలవు."

కుర్చీ కిర్రుమంది.

"రేపు..." అంది గుసగుస.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. గేటు దగ్గర ఎండ ఇంకా ఉంది. జనం తిరుగుతున్నారు. మొగుడు స్కూటరు మీద ఉన్నాడు.

"అయిందా? ముఖం ఏంటలా పాలిపోయింది?"

"అయింది. పదండి ముందు."

ఎక్కింది. అలవాటుగా వెనక కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. సందు మలుపు తిరిగాక, ఆయన భుజం మీద చెయ్యి వేస్తే ధైర్యంగా ఉంటుందనిపించి, ఒక చెయ్యి ముందుకి చాపింది.

అందలేదు.

సీటు కొసన ఆమె. హ్యాండిల్‌కి అతుక్కుపోయి ఆయన. మధ్యలో ఓ మనిషి కూర్చునేంత సీటు. చాపిన చెయ్యి చప్పున వెనక్కి లాక్కుని మళ్లీ కడ్డీనే పట్టుకుంది.

ఉన్నట్టుండి ఎదురుగా బస్సు ఆగింది. ఆయన గట్టిగా బ్రేకు వేశాడు. ఆ విసురుకి ఆమె ముందుకి జారాలి. జారలేదు. ఛాతీకి చల్లగా ఏదో అడ్డం వచ్చింది.

"చూశావా!" అన్నాడు ఆయన నవ్వుతూ, వెనక్కి తిరక్కుండానే. "మళ్లీ నా మీద పడ్డావు. ఇప్పుడైనా ఒప్పుకో. అయినా అంత గట్టిగా భుజం నొక్కుతావేంటే?"

ఆమె రెండు చేతులూ వెనక కడ్డీ మీదే ఉన్నాయి.