కట్ట కింద పిలుపు

రిజర్వాయరు కట్ట కింద ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

బండ్లు ఆపే చోటు కట్టకు ఇవతల, నీళ్ళు అవతల. మధ్యలో మనుషులు నడిచే దారి. పగలంతా పిల్లలు అందులో కేకలు పెట్టి, తిరిగొచ్చే తమ కేకలకు తామే నవ్వుకుంటారు. పొద్దు వాలిందా... ఇక ఎవరూ గొంతెత్తరు. చీకట్లో లోపలి నుంచి ఎవరో పిలుస్తారట. పిలిస్తే పలకకూడదట. పలికితే ఆ పిలుపు వెంటపడుతుందట.

మా వీధి టైలరమ్మకు జరిగిన సంగతి ఇది. మిషను తొక్కుతూ తొక్కుతూ, ఆపి, తనే చెప్పింది.

ఆమె మొగుడు స్కూలు వ్యాను నడుపుతాడు. అతని మొదటి భార్య పోయాక ఈమెను చేసుకున్నాడు. ఆ మొదటావిడ కూతురే చిలక. అసలు పేరు వేరే ఉంది గానీ, లేచింది మొదలు నోరు మూతపడదని అందరూ అలాగే అంటారు. అంత వాగుడుకాయా టైలరమ్మను మాత్రం ఏమనీ పిలిచేది కాదు. "ఇదిగో", "నిన్నే", "జడెయ్యి"... అంతే.

"పిన్నీ అను, అమ్మా అను, ఏదో ఒకటి అని చావవే!" అని నాయనమ్మ కసిరితే గోడ వైపు తిరిగేది.

"పోనివ్వండత్తయ్యా, అనాలనిపించినప్పుడు అంటుంది" అనేది టైలరమ్మ. అనడమైతే అనేది గానీ, రాత్రిళ్ళు చెవులు రిక్కించుకుని పడుకునేది. నిద్రలోనైనా పిలుస్తుందేమోనని.

అలా ఉండగా వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. పిల్లను ఊరంతా తిప్పుకొద్దామన్నాడు మొగుడు. ఈ తిరుగుళ్ళలోనైనా పిల్ల దగ్గరవుతుందని టైలరమ్మ ఆశ. పసుపు రంగు గౌను కుట్టి, వెనక నడుం పట్టీకి కుట్టు మీద కుట్టు వేసింది. పరుగెత్తే పిల్లను నాయనమ్మ ఆ పట్టీ పట్టుకునే ఆపుతుంది మరి.

మొదటి రోజు మ్యూజియం. రెండో రోజు జెయింట్ వీలు. పైకి వెళ్ళినప్పుడల్లా చిలక ఒకటే అరుపులు! మర్నాటికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం లేదు.

"పోన్లే, మన చెవులు బతికాయి" అంది నాయనమ్మ.

అందరూ నవ్వారు. టైలరమ్మకు నవ్వు రాలేదు. మిగిలింది ఒక్క రోజు... ఇక ఏం పిలుస్తుంది?

ఆ మూడో రోజే రిజర్వాయరుకు వెళ్ళారు. సాయంత్రం దాకా నీళ్ళ ఒడ్డున ఆడారు. టీ బండి ఆమె గ్లాసులు సర్దుకుంటూ గొంతు తగ్గించి చెప్పింది — "చీకటి పడకముందే అవతలికి పొండమ్మా. లోపల ఎవరు పిలిచినా... పలక్కండి."

"మమ్మల్ని పిలిచేవాళ్ళెవరున్నార్లే!" అన్నాడు మొగుడు నవ్వుతూ.

ఆ మాట టైలరమ్మకు చురుక్కుమంది.

సొరంగం దాటి వచ్చారు. చాపలు, క్యాను, చెప్పులు వ్యానులో పెట్టారు. చిలక వెనక సీట్లో పడుకుందని ఈమె అనుకుంది, నాయనమ్మ పక్కన ఉందని మొగుడు అనుకున్నాడు. తీరా చూస్తే — లేదు.

"టోపీ, టోపీ అని సైగ చేసింది... ఒడ్డు మెట్ల మీద మరిచిపోయిందేమో!" అంది నాయనమ్మ.

మొగుడు కట్ట ఎక్కి పరుగెత్తాడు. టైలరమ్మ సొరంగంలోకి దూరింది.

లోపల చీకటి. గోడల మీద చెమ్మ. ఎక్కడో నీటి చుక్క పడుతోంది... ఆగుతోంది... మళ్ళీ పడుతోంది. గోడ తడుముకుంటూ నడిచింది. సగం దారి దాటింది. ఇక అవతలి వెలుతురు వైపు పరుగెత్తబోతుంటే —

"అమ్మా..."

ముందు నుంచి కాదు. పక్క నుంచి.

ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిన మాట! పలకకూడదన్న సంగతి ఆమెకు తోస్తేగా!

"ఓయ్! వస్తున్నా తల్లీ!"

పక్కన ఇనప తలుపు ఓరగా తెరిచి ఉంది. దాని వెనక పాచిపట్టిన మెట్లు, మెట్ల కింద నల్లగా నీళ్ళు. ఆ నీళ్ళ మీద చిలక వేలాడుతోంది! చీకట్లో దారి తప్పి ఇటు దూరినట్టుంది; కాలు జారినప్పుడు పసుపు గౌను నడుం పట్టీ వంగిన ఇనప చువ్వకు తగులుకుంది. కుట్టు ఊడలేదు.

ఎలా లాగిందో ఆమెకే తెలియదు. పిల్లను గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది.

"పిలిచావు కదే... నన్ను పిలిచావు కదే!"

చిలక తల అడ్డంగా ఊపింది. గొంతు పట్టుకుని చూపించింది. నోరు తెరిచింది — గాలి. ఒట్టి గాలి.

అప్పుడు కింద నుంచి, నీళ్ళ మీదుగా, సూదిమొనలా సన్నగా —

"అమ్మా..."

టైలరమ్మ నాలుక మళ్ళీ కదలబోయింది. చిన్నపిల్ల గొంతు అది... ఎవరి కోసమో బెంగపడ్డ గొంతు. ఎలా పలక్కుండా ఉంటుంది?

చల్లటి చిన్న అరచెయ్యి ఆమె నోరు మూసింది. చెవి దగ్గర ఊపిరంత మాట —

"పలకొద్దమ్మా."

అదే మొదటిసారి.

"అవతలి ఒడ్డున ఎవరి పిల్లో అరిచి ఉంటుంది, అది లోపల మోగి ఉంటుంది" అన్నాడట మొగుడు. కావచ్చు. ఇప్పుడు చిలక రోజుకు వందసార్లు అమ్మా అంటుంది. టైలరమ్మ మాత్రం వెంటనే పలకదు. తలెత్తి, పిల్ల పెదాలు కదిలాయో లేదో చూసుకుని అప్పుడు పలుకుతుంది.

"నా పిల్లను దక్కించింది ఆ పిలుపే కదమ్మా" అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "అది మళ్ళీ పిలిస్తే పలక్కుండా వదిలేసి వచ్చా..."

చిలక మా ఎదుటే కూర్చుని బొత్తాలు రంగుల వారీగా ఏరుతోంది. మిషను ఆగి ఉంది. ఇంట్లో మేం ముగ్గురమే.

లోపలి గదిలోంచి... సన్నగా...

"అమ్మా..."

చిలక చప్పుడు చెయ్యకుండా లేచింది. ఒక చెయ్యి వాళ్ళమ్మ నోటి మీద పెట్టింది.

రెండో చెయ్యి నా నోటి మీద పెట్టింది. అప్పటికే నా నోరు సగం తెరుచుకుని ఉంది.