మార్గ్రెట్ కిటికీ

జర్మనీలో బ్యోబ్లింగెన్ ఊరు దాటి బస్సులో కాస్త లోపలికి వెళితే అడవి అంచున ఒక పల్లె ఉంది. పేరు చెప్పను. మనవాళ్ళు కొందరు ఇప్పటికీ అక్కడ అద్దెకుంటున్నారు. ఇల్లు దొరకడమే గగనమైన ఈ దేశంలో, లేనిపోని భయం వాళ్ళకి నేనెందుకు పెట్టాలి?

బస్టాపు నుంచి కొత్త అపార్ట్‌మెంట్ల వైపు వెళ్ళే దారిలో ఒక పాత ఇల్లు. నల్లబడిన కర్ర దూలాలు, వాటి మధ్య సున్నం గోడ, ఒక పక్కకి కుంగిన పెంకుల కప్పు. అందులో ఎవరూ ఉండరు. మొన్నమొన్నటిదాకా కొనడానికీ ఎవరూ రాలేదు. పగలు ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ళు ఉంటారు గానీ, చీకటి పడ్డాక ఒంటరిగా దాని ముందు నుంచి నడిచేవాళ్ళు తక్కువ. నడిచినా... పై కిటికీ వైపు చూడరు.

చూడకపోయినా వినపడేదట.

ఒకే ఒక్క మాట.

ఈ సంగతి నాకు చెప్పింది వరదానం. మా ఆఫీసులోనే టెస్టింగ్‌లో పనిచేస్తాడు. నరసాపురం మనిషి. కథలు అల్లే రకం కాదు, అసలు నోరు విప్పడమే తక్కువ. అలాంటివాడు ఒక మధ్యాహ్నం కాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, కాఫీ చల్లారిపోయినా చూసుకోకుండా చెప్పుకుపోయాడు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

వరదానం భార్య ఏసుకుమారి కామెర్లొచ్చి పోయింది. అప్పటికి కూతురు ఫెలిషా ఇంకా సరిగ్గా అన్నం కలుపుకోవడం కూడా రాని పిల్ల. జర్మనీలో ఉద్యోగానికి బ్లూ కార్డు చేతికి రాగానే పిల్లని అక్క దగ్గర వదిలి వచ్చేశాడు.

"ఇల్లు దొరగ్గానే తీసుకెళ్ళిపోతానక్కా. క్రిస్మస్‌కల్లా."

ఆ క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఆ తర్వాతదీ వెళ్ళిపోయింది. మొదట్లో కిటాలో, పగలు పిల్లల్ని చూసుకునే చోట, ఖాళీ లేదన్నారు. తర్వాత వీసాకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. ఉన్నది ఒక్క గది. అందులోకి పిల్లని తెస్తానంటే వీసా ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు. పెద్ద ఇల్లు చూడ్డానికి వెళితే అక్కడ మెట్ల కింద దాకా జనం. ఒక్కడే మగాడు, పైగా చిన్నపిల్ల... సారీ అనేవారు.

రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఫోన్ చేసేవాడు. అక్కడ పిల్ల పడుకునే వేళ.

"ఎప్పుడొస్తావ్ నాన్నా?"

"త్వరలో ఫెలూ."

అతను ఆ పల్లెలో దిగిన మొదటి శీతాకాలం. ఐదింటికే చీకటి. సన్నగా జల్లు పడుతోంది. బస్సు దిగి, ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ పాత ఇంటి ముందుకి వచ్చాడు.

పైనుంచి... మెల్లగా...

"వాన్?"

వాన గురించి ఎవరో తెలుగువాళ్ళు మాట్లాడుకుంటున్నారు అనుకున్నాడట. తలెత్తాడు. దీపం లేదు. కిటికీ అద్దం వెనక తెల్లగా ఏదో ఉంది. కర్టెన్ కావచ్చు.

"వాన్?"

అప్పుడు అర్థమైంది. తెలుగు కాదు, జర్మన్. ఎప్పుడు? అని అడుగుతోంది.

గబగబా వచ్చి తన బిల్డింగ్ తలుపు తీస్తుంటే, కింద వాటాలో ఉండే ముసలావిడ ఫ్రావ్ హెడ్విగ్ అతని ముఖం చూసింది. లోపలికి పిలిచి టీ పెట్టింది.

"వినపడిందా?"

తలూపాడు.

"ఈసారి వినపడితే 'బాల్ట్' అనండి, హెర్ వరదానం. త్వరలో అని. అంతకు మించి ఒక్క మాట కూడా మాట్లాడకండి. మా అమ్మ అలాగే అనేది. వాళ్ళమ్మా అంతే. ఈ ఊళ్ళో అందరం అలాగే అంటాం."

ఆవిడ చెప్పిన కథ ఇది.

రెండొందల ఏళ్ళకి పై మాట. ఆ ఇంట్లో యాకోబ్ అనే రైతు ఉండేవాడు. పంటలు పోయి, పెళ్ళాం బిడ్డలతో అమెరికా బయల్దేరాడు. నదిలో పడవ సిద్ధంగా ఉంది. సరిగ్గా ఆ వారమే పెద్దపిల్ల మార్గ్రెట్‌కి జ్వరం తగిలింది. పడవ ఆగదు. పిల్లని మేనత్త దగ్గర వదిలి, "చలికాలం పోగానే మనిషిని పంపి పిలిపించుకుంటాం" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ పిల్ల పై కిటికీలోంచి బండి మలుపు తిరిగేదాకా చూసింది.

జ్వరం తగ్గింది. చలికాలం పోయింది. మనిషి రాలేదు.

అక్కడ వాళ్ళు పెన్సిల్వేనియాలో కొండలు దాటి అడవిలోకి వెళ్ళారు. దుంగలతో గుడిసె వేసుకున్నారు. చెట్లు కొట్టి మొక్కజొన్న వేశారు. కానీ ఆ అడవి ఖాళీగా లేదు. తరతరాలుగా అక్కడ బతుకుతున్నవాళ్ళ నేల అది. తగువు ముదిరి యుద్ధమైంది. వీళ్ళు వాళ్ళని చంపారు, వాళ్ళు వీళ్ళని చంపారు. ఒక తెల్లవారుజామున గుడిసె తగలబడిపోయింది. మొత్తం కుటుంబంలో మిగిలింది ఒక్కడు, అందరికంటే చిన్నవాడు యోర్గ్. వాణ్ణి ఎవరో తీసుకెళ్ళి పెంచారు.

"ఇదంతా మీకెలా తెలుసు?" అన్నాడు వరదానం.

"వాళ్ళ వంశంవాళ్ళే వచ్చారు, అమెరికా నుంచి. మొన్న ఎండాకాలం. ఆ ఇంటి ముందు నిలబడి ఏడ్చారు కూడా. వాళ్ళలో ఒకావిడ నాతో ఎంతో గర్వంగా అంది, మా వాళ్ళు ఎన్ని కష్టాలు పడ్డా అందరూ కలిసే బయల్దేరారు, వెనక ఎవర్నీ వదల్లేదు అని." హెడ్విగ్ కప్పు తిప్పుతూ కూర్చుంది. "నేను మార్గ్రెట్ పేరు చెప్పాను. మా ఇంట్లో ఆ పేరే వినలేదండీ అంది."

మార్గ్రెట్ పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇల్లు వదల్లేదు. జుట్టు తెల్లబడేదాకా ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని, దారిన పోయేవాళ్ళని అడిగేది... ఎప్పుడు? అని. ఆ కుర్చీలోనే పోయింది.

"పోయాక కూడా అడుగుతూనే ఉంది," అంది హెడ్విగ్.

ఆ తర్వాత వరదానం కూడా అందరిలాగే చేశాడు. సాయంత్రం బస్సు దిగి, తల దించుకుని, అడిగితే "బాల్ట్" అని వెళ్ళిపోయేవాడు. అలవాటైపోయింది. ఫోన్లో కూతురికి త్వరలో, కిటికీకి బాల్ట్. ఏళ్ళు గడిచాయి.

పోయిన నవంబరులో ఒక ఇల్లు దాదాపు ఖాయమైంది. రెండు గదులు, పక్కనే బడి. అక్కకి చెప్పేశాడు, ఫెలిషాకి కూడా చెప్పేశాడు. పిల్ల కొత్త స్వెటర్ కొనిపించుకుందట. ఆఖరి నిమిషంలో ఇంటివాళ్ళు మనసు మార్చుకున్నారు.

ఆ సాయంత్రం బస్సులోంచే ఫోన్ చేశాడు.

"ఈ క్రిస్మస్‌కి కుదర్లేదు ఫెలూ..."

అవతల చప్పుడు లేదు. ఏడిచినా బాగుండేది. అక్క ఫోన్ తీసుకుని, "పడుకుందిరా," అంది.

దిగి నడిచాడు. జల్లు. రోడ్డు మీద తడి ఆకులు. ఆ ఇల్లు.

"వాన్?"

ఆగిపోయాడు. నోట్లో ఉన్న మాట బయటికి రాలేదు. రెండొందల ఏళ్ళుగా ఊరంతా కలిసి ఆమెకి చెబుతున్న అబద్ధం... తను ఫోన్లో చెబుతున్నదే. అసహ్యం వేసిందన్నాడు. ఊరి మీద కాదు.

"వాన్?"

తలెత్తి కిటికీ వైపు చూశాడు. వచ్చీరాని జర్మన్‌లో, పెద్దగా కూడా కాదు, గుసగుసగా చెప్పాడు.

"ఎవరూ రారు. మీవాళ్ళు అక్కడ చచ్చిపోయారు. ఒక్కడు మిగిలాడు. వాడు నిన్ను మర్చిపోయాడు. ఇక... చూడకు."

జల్లు చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

తర్వాత పైన... నేల మీద కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

మెట్లు. ఒక్కొక్కటే. కిర్... కిర్...

వీధి తలుపు తెరుచుకోలేదు. అతను కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నాడు, తలుపు తెరుచుకోలేదు. కానీ తడి ఆకులు నలిగాయి. వట్టి కాళ్ళు నడిచినట్టు. దగ్గరికి వచ్చాయి. అతని పక్కన ఆగాయి. కుడి చెవికి చలి తగిలింది — చెవికి మాత్రమే, ఎవరో ఆనుకుని వింటున్నట్టు. ఫోన్ పెట్టుకునే చెవి అది.

ఆపైన అడుగులు బస్టాపు వైపు వెళ్ళిపోయాయి.

మర్నాడు కిటికీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. ఊళ్ళోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బేకరీలో ఒకావిడ నవ్వుతూ "పోయినట్టుంది" అందట. వరదానానికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఎవరూ చెయ్యని మంచిపని చేశాననుకున్నాడు.

ఫెలిషా ఫోన్ దగ్గరికి రావడం మానేసింది.

"అలిగిందిరా," అంది అక్క.

బతిమాలితే ఒకరోజు వచ్చింది. ఎప్పుడొస్తావని అడగలేదు. మెల్లగా, ఒకటే మాట అంది.

"మీర్ వార్తెత్ నెమ్మె."

"ఏంటమ్మా?"

"మీర్ వార్తెత్ నెమ్మె."

ఫోన్ పెట్టేసింది.

మిగతాదేమీ అర్థం కాలేదుగానీ, మొదటి మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఎప్పుడూ 'నువ్వు' అనే పిల్ల, పరాయివాళ్ళని అన్నట్టు 'మీరు' అంటోంది.

"రోజూ అదే గొణుక్కుంటోందిరా," అంది అక్క. "బడిలో పాటేమో."

సెలవు పెట్టి వెళ్ళాడు. ఇల్లు దొరకనీ దొరక్కపోనీ, పిల్లని తెచ్చేసుకుంటాను, కుదరకపోతే ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోతాను అనుకుని వెళ్ళాడు.

పిల్ల బాగానే ఉంది. తింటోంది, ఆడుకుంటోంది, పక్కింటి పిల్లలతో కబుర్లు చెబుతోంది. ఇతను గదిలోకి వస్తే మాత్రం ఖాళీ కుర్చీని చూసినట్టు చూసేది. కోపం లేదు. బెంగ లేదు. దగ్గరికి తీసుకుంటే కట్టెలా నిలబడి, వదలగానే వెళ్ళిపోయేది.

"నాతో వస్తావా ఫెలూ?"

వినపడనట్టే ఉండేది.

"నేనే ఇక్కడ ఉండిపోనా?"

దానికీ అంతే.

ఒక సాయంత్రం గోదావరి గట్టు మీద దాని వెనకే నడిచాడట. పిల్ల ఒక్కతే ముందు వెళుతోంది. ఎడమ చెయ్యి కిందికి వేలాడేసి... కుడి చెయ్యి కాస్త పైకెత్తి, ఎవరో పెద్దవాళ్ళ వేలు పట్టుకున్నట్టు.

అక్కే చివరికి చెప్పింది. "నువ్వు పక్కన కూర్చుంటే అన్నం ముట్టట్లేదురా తమ్ముడూ. వెళ్ళిపో. కొన్నాళ్ళు పోయాక చూద్దాం."

ఒంటరిగా తిరిగొచ్చాడు.

వచ్చిన రోజు హెడ్విగ్ టీకి పిలిచింది. పాత ఇంటికి బేరం వచ్చిందని, వసంతంలో బాగుచేస్తారని చెప్పింది. అతను వినడం లేదు. ఎందుకో ఆ మాటలు నోట్లోంచి వాటంతటవే వచ్చాయి.

"మీర్ వార్తెత్ నెమ్మె."

హెడ్విగ్ కప్పు కింద పెట్టింది.

"మా యాస మీరెప్పుడు నేర్చుకున్నారు?"

"యాసా?"

"మా పల్లెటూళ్ళ పాత మాట. ఇప్పుడు పిల్లలెవరూ అలా అనరు. మా అమ్మమ్మ అనేది." ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "ఇక ఎదురు చూడం అని. ఎక్కడ విన్నారు?"



"మీర్ అంటే?" అన్నాడు.

"వియర్. మీ ఆఫీసు జర్మన్‌లో వియర్. మా యాసలో మీర్."

నాకు ఇదంతా చెప్పి వరదానం చల్లారిన కాఫీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పిల్ల యూట్యూబ్‌లో ఏదో చూసి ఉంటుంది అనబోయాను. అనలేకపోయాను.

"జర్మన్లకి 'వియర్' అని ఒకటే మాట అన్నా," అన్నాడు చివరికి. "మనకి రెండున్నాయి కదా... మనం, మేము."

లేచి కుర్చీ లోపలికి నెట్టాడు.

"ఫెలూ అన్నది 'మేము'. అందులో నేను లేను."